అర్జంటు లోడుకు ఏ బండి?

2011 సెప్టెంబర్ 1, గురువారం. జనగామ

నిర్ణయం! స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ వెనక పన్నెండేళ్లు నిలబడి ఊరందరి బండ్లకూ సామాన్లిచ్చిన ఈ అకీల్‌కు ఇక సొంత బండి. నెలలోపు. పని: అర్జంటు లోడ్లు. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా ఎవరికే సామాను కావాలన్నా ఫోన్ కొడితే చాలు, గంటలో బయల్దేరడం.

ఏ బండి?
1. పికప్.
2. డీసీఎం వ్యాను.
3. పికప్, దాని వెనక తగిలించే ట్రాలీ. ఒకే డ్రైవరు, రెండు లోడ్లు! ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదు.

నా భార్య ఆస్మా చూసి, "మంచిగుంది. కొనుడెప్పుడు?" అంది. ఆమెకు అన్నీ తొందరే.

సెప్టెంబర్ 4, ఆదివారం

మహబూబాబాద్ వెళ్లాను. దస్రు అనే వెల్డర్ అక్కడ ట్రాలీలు చేస్తాడు.

"పికప్ ఎన్క ట్రాలీనా? గిది ట్రాక్టర్ గాదన్నా! దిగుడుల బ్రేక్ కొడితె ఎన్కది ఆగదు, ముందుదాన్ని తోస్తది. పర్మిట్ గూడ ఇయ్యరు."

పాపం, దూరదృష్టి లేదు. అయినా కొలతలు మూడు పేజీలు రాసుకొచ్చాను.

సెప్టెంబర్ 11, ఆదివారం

భూపాలపల్లి. బొగ్గు గనిలో పనిచేసే జగపతి తన పికప్ అమ్ముతున్నాడు. ఇంజన్ బంగారం. టైర్లు కొత్తవి. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. నలభై నిమిషాలు వెతికినా లోపం దొరకలేదు. చివరికి దొరికింది! తొట్టి నేననుకున్న దానికంటే జానెడు పొట్టి.

"జానెడు తక్కువైతె ఏమైతదన్నా? సామాను కాళ్లు చాపుకొని పండుకుంటదా?" అన్నాడు జగపతి.

ఆలోచించి చెబుతానన్నాను. నేను తొందరపడే మనిషిని కాను.

సెప్టెంబర్ 13, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా బంద్! ఇప్పుడు కొన్నా బండి నా పేరు మీదికి రాదు. ఎంత హాయి. తెలంగాణ కోసం నేను చేస్తున్న త్యాగం ఇది.

సాయంత్రం ఊరికే జగపతికి ఫోన్ చేశాను. "నిన్ననే అమ్మిన అన్నా." ఆస్మాకు చెప్పలేదు.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులూ ఆగిపోయాయి. మధ్యాహ్నం లోపు దుకాణానికి పదకొండు మంది వచ్చారు. అందరిదీ ఒకటే మాట: "అకీల్ భాయ్, నీ బండి వచ్చిందా?"

ఆ తర్వాత హైవే మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా కూర్చుని పప్పన్నం తిన్నాను. జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచాను. కనబడ్డ ప్రతి బండినీ ఆపాం. నా బండి ఒక్కటే తప్పించుకుంది.

సెప్టెంబర్ 21, బుధవారం

లింగాల ఘనపూర్ నుంచి రాజయ్య నడిచొచ్చాడు. మా దుకాణానికి పాత గిరాకీ. కరెంటు సరిగా లేక బావి మోటరు కాలిపోతే ఇక్కడ బాగుచేయించాడు. రెండెకరాల వరి పొట్టకొచ్చింది. నాలుగు రోజులుగా నీళ్లు లేవు. మోటరు తీసుకుపోవడానికి ఒక ఎడ్లబండి మాట్లాడుకున్నాడట.

"ఎడ్లబండేంది రాజయ్య మామా! ఎల్లుండి నా పికప్ వస్తది. మోటరు నీ బాయికాడ దింపుత."

"పక్కానా బిడ్డా?"

"పక్కా."

మోటరు మా దుకాణంలోనే వదిలి, ఎడ్లబండాయనకు వద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నా నోటికి పర్మిట్ అక్కర్లేదు మరి.

సెప్టెంబర్ 23, శుక్రవారం

ఎల్లుండి వచ్చింది. పికప్ రాలేదు.
10:15 రాజయ్య ఫోన్. ఎత్తలేదు.
12:40 మళ్లీ. నమాజుకు వెళ్తున్నాను, ఎత్తలేదు.
4:00 మళ్లీ. ఈసారి సాకు కూడా లేదు.

సెప్టెంబర్ 24, శనివారం

పొద్దున్నే ఫోన్ మోగితే ఆస్మా ఎత్తింది. చాలాసేపు విని పెట్టేసింది.

"మోటరు దుకాణంల ఉన్నది. రాజయ్య మామ పొలంకాడ ఉన్నడు. మీరు ఇంట్ల ఉన్నరు. గీ మూడిట్ల కదలాల్సింది ఎవరు?"

గల్లీ చివర మాజిద్‌కు మూడు చక్రాల ట్రాలీ ఆటో ఉంది. అడిగాను. తాళం చేతిలో పెట్టాడు. అంతే! దారిలో మూడు చోట్ల రోడ్డు మూసేశారు. "రైతు మోటరు" అనగానే మూడు చోట్లా రాళ్లు పక్కకు జరిపారు.

పొలం చేరేసరికి పన్నెండు. ఎగువ ఎకరం బూడిద రంగుకు తిరిగింది. ఆకు చేత్తో పట్టుకుంటే నలిగి పొడి అయింది. రాజయ్య వచ్చి మోటరుకు రెండో వైపు పట్టుకున్నాడు. అతని భార్య ఐలమ్మ మాత్రం ఒక్క మాటంది:

"నీ బండి పెద్దదో చిన్నదో మాకెందుకు బిడ్డా? మూడొద్దులు బాట చూసినం."

కరెంటు వచ్చాక నీళ్లు పడ్డాయి. దిగువ ఎకరం బతకొచ్చు.

ఆమె పెట్టిన అన్నం తిన్నాను.

నవంబర్ 10, గురువారం

నెలన్నరగా ఏమీ రాయలేదు. సమ్మె ఆగి రెండు వారాలు దాటింది. ఆఫీసులు తెరిచారు. నాకు ఉన్న ఒక్క సాకు కూడా పోయింది.

ఇవాళ రాజయ్య ఫోన్ చేశాడు. రెండో మోతకే ఎత్తాను.

"వడ్లు మార్కెట్‌కు తోలాలె. ఒక్క ఎకరమేనాయె, ఎక్కువ గావు. వస్తవా?"

మళ్లీ నన్నే పిలిచాడు!

"రేపు పొద్దున ఏడింటికి మామా."

"పక్కానా?"

ఈసారి పక్కా అనలేదు. మళ్లీ చేస్తానని పెట్టేశాను. ముందు మాజిద్ దగ్గరికి వెళ్లి తాళం తెచ్చుకున్నాను. తర్వాత ఫోన్ చేసి చెప్పాను: "తాళం చేతిల ఉన్నది మామా."

కొత్త నిర్ణయం! పదిహేను రోజుల్లో సొంత ట్రాలీ ఆటో. పట్టిక లేదు, కొలతలు లేవు, పరుగులు లేవు. చూడటం, కొనడం, తోలడం.

ఒక్కటే అనుమానం. ముందు చక్రం ఒకటే కదా, లోడుతో మట్టి దిబ్బలెక్కుతుందా? మరిపెడలో ఇంకో రకం బండి ఉందంటున్నారు. ఆదివారం ఊరికే చూసొస్తాను.