మరియమ్మ ఆంటీ సాక్ష్యం

2006 నవంబరు 12, ఆదివారం
మునిర్కా

ఈరోజు చర్చిలో జరిగింది రాస్తే తప్ప నాకు ప్రార్థన చేయడానికి నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఆరాధన చివర్లో మరియమ్మ ఆంటీ సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. మా సంఘంలో సగం మంది హిందీవాళ్లు. ఎప్పటిలాగే పక్కన నిలబడి హిందీలో చెప్పాల్సింది నేనే.

"దేవుడు నా కడుపులో గడ్డ కరిగించేత్తన్నాడు. ఇంక బెంగలేదన్నాడంట డాక్టరు," అంది.

నేను హిందీలో చెప్పకుండా చేతిలోని బైబిలు వైపు చూస్తున్నాను.

"ఏంటే, హిందీ మర్చిపోయావా? గట్టిగా చెప్పు!" అని మోచేత్తో పొడిచింది. అందరూ నవ్వారు. చెప్పాను. హల్లెలూయ అన్నారు.

డాక్టరు అలా అనలేదు. పోయిన గురువారం ఆస్పత్రికి తోడు వెళ్లిన నన్ను ఆమె కూతురనుకుని, కేన్సర్ ముదిరిపోయిందని, ఇక కొన్ని నెలలేనని హిందీలో చెప్పాడు. ఆంటీ నా ముఖంలోకే చూస్తోంది. "తగ్గిపోతుందంట ఆంటీ," అనేశాను.

తర్వాత పాస్టరు గారు నా తల మీద చెయ్యి పెట్టి, "ఇలా రెండు భాషల్లో చెప్పగలగడం దేవుడిచ్చిన తలాంతు తల్లీ, వరం," అన్నారు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. ఆ చదువుని నీ పనికే వాడతానని నీకు మాటిచ్చాను ప్రభువా. ఇలాగా వాడింది?

ఆంటీ ఏలూరులో ఉన్న కూతురి దగ్గరికి వేసవిలో వెళ్తుందట. ఇప్పుడు తొందరేముంది అంటోంది.

గురువారం మళ్లీ ఆస్పత్రికి వెళ్తున్నాం. ఆమెకు నిజం ఎలా చెప్పాలో పదిహేనో తేదీ బుధవారం లోపు నాకు జవాబివ్వు.