జతగా పెట్టిన సంతకం

హోసూరు,
8 జూన్ 1998

ప్రియమైన శశి అన్నకు,

భుజం నొప్పి తగ్గిందా? జవళగిరి కార్ల ర్యాలీలో నేను బండిని కాలవలోకి దించి రెండు నెలలైంది. నీ ఎముక విరిగిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. మలుపులోకి అంత వేగంగా వెళ్లడం నా తప్పే.

ఒక మంచి వార్త. కోయంబత్తూరు టీమ్ వాళ్లు పిలిచి, రెండు రోజులు వాళ్ల బండి నడిపించి చూశారు. రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తామంటున్నారు. కానీ వచ్చే మార్చి దాకా జనార్ధనరావు గారి టీమ్‌లోనే ఉంటామని మనం సంతకం పెట్టాం కదా. అంతవరకు ఏ ర్యాలీలోనూ వేరేవాళ్ల బండి నడపరాదు. వాళ్లేమో నెలాఖరులోగా జవాబు చెప్పమంటున్నారు. నాన్న అంగడిలో మేకులు తూచి ఇస్తున్నా మనసంతా అక్కడే ఉంది. ఏం చేయమంటావు?

నీ తమ్ముడు,
ఆనంద్


అత్తిముగం,
15 జూన్ 1998

ప్రియమైన ఆనంద్‌కు,

ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఐదేళ్లుగా నీ పక్క సీట్లో కూర్చుని మలుపులు చదివి చెప్పినవాణ్ని. నీ చేతికి ఎలాంటి బండి కావాలో నాకు తెలుసు. వదులుకోకు. అయితే దొంగచాటుగా మాత్రం పోవద్దు. మనకెవరూ బండి ఇవ్వని రోజుల్లో జనార్ధనరావు గారు ఇచ్చారు. నేరుగా వెళ్లి అడుగు.

నా సంగతి ఆలోచించకు. భుజం ఇంకా కుదురుకోలేదు. ఆగస్టు ర్యాలీకి రాలేనేమో. ఇక్కడ వాన బాగా పడింది, టమాటా నారు నాటాము.

ఆశీస్సులతో,
శశికుమార్


హోసూరు,
24 జూన్ 1998

ప్రియమైన అన్నా,

మొన్నటి ఉత్తరంలో ఒకటి దాచాను. కోయంబత్తూరు వాళ్లకు నేనొక్కణ్నే కావాలట. పక్కన కూర్చునే మనిషి వాళ్లకు ఉన్నాడట. ఇది నీకెలా రాయాలో తెలియలేదు.

నిన్న జనార్ధనరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాంట్రాక్టు కాగితం తీసి నా ముందు పెట్టారు. "ఇద్దరూ జతగా సంతకం పెట్టినారు. విడిపించమని అడిగేదుంటే ఇద్దరూ అడగండప్పా," అన్నారు. నిన్ను వదిలి పోతానని నీ చేతే ఎలా అడిగించను?

తిరిగి వస్తుంటే సంతలో భువన వదిన కనిపించింది. భుజం గురించి అడిగితే, "కట్టు విప్పి నెల దాటింది కదప్పా. మొన్న ఎరువు మూటలు కూడా ఆయనే దించినాడు," అంది.

మరి నాకెందుకు అలా రాశావన్నా? నా మీద కోపమా? నీకు కష్టమనిపిస్తే ఒక్క మాట చెప్పు, కోయంబత్తూరుకు రానని రాసేస్తాను.

ఆనంద్


అత్తిముగం,
29 జూన్ 1998

ప్రియమైన తమ్ముడికి,

కోపం కాదురా, భయం.

జవళగిరి మలుపులో తప్పు నీది కాదు. మలుపుల నోట్సులో నేను ఒక వరుస దాటేశాను. 'ఎడమ, ఇరుకు' అని చదవాల్సిన చోట కింది వరుసలోని 'ఎడమ, తెరిపి' చదివాను. నువ్వు నా మాట నమ్మి, మలుపు వెడల్పనుకుని బ్రేకు వేయలేదు. ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని 'నాదే తప్పు' అని నువ్వు ఏడుస్తుంటే నోరు తెరవలేకపోయాను. రోజులు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది.

కట్టు విప్పిన మరునాడు మా బావమరిది జీపులో కూర్చుని పాత నోట్సు చదవబోయాను. బండి కదలగానే అక్షరాలు అలికినట్టయ్యాయి. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ దిగిపోయాను. నేను మానుకుంటే జతగా రాసిన కాంట్రాక్టులో నీ ఏడాది కూడా పోతుందని, ఆ మాట చెప్పకుండా భుజం మీద సాకు పెట్టాను.

నిన్న బస్సెక్కి హోసూరు వచ్చి జనార్ధనరావు గారికి అంతా చెప్పేశాను.

"ఇన్నాళ్లు ఎందుకు మోసినావప్పా దీన్ని?" అన్నారు ఆయన. "భయపడేవాణ్ని బండెక్కించి నేనేం చేసుకునేది? నువ్వు పోయి చేను చూసుకో. వాణ్ని ఆగస్టు ర్యాలీ ఒక్కటి నడిపేసి పొమ్మను, పేరు ఇచ్చేసినాము. పక్కన మన టీమ్ ఉమాశంకర్ కూర్చుంటాడు. కోయంబత్తూరు వాళ్లతో నేను మాట్లాడతాను, అంతవరకు ఆగుతారు."

విడుదల కాగితం మీద నా సంతకం పెట్టి దీంతో పంపుతున్నాను. నువ్వూ పెట్టి ఇచ్చేయి. ఆ ఆఫీసు మెట్లు దిగుతుంటే నెలల తర్వాత నాకు ఆకలి వేసింది. బస్టాండులో రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. మీ అంగడి వీధి దాకా వచ్చి, నీ ముఖం చూసే ధైర్యం లేక తిరిగిపోయాను.

క్షమించగలిగితే రాయి.

శశికుమార్


కృష్ణగిరి,
17 ఆగస్టు 1998

ప్రియమైన శశి అన్నకు,

ఏడు వారాలు నిన్ను ఎదురుచూసేలా చేశాను. కాగితం మీద సంతకం ఆ రోజే పెట్టాను గానీ నీకు రాయడానికి చేయి రాలేదు. చాలా కోపం వచ్చింది. ఏప్రిల్ నుంచి ప్రతి మలుపు ముందూ అక్కర్లేకపోయినా నా కాలు బ్రేకు మీదికి పోయేది. ఇక బండి నడపడం నాకు చేతకాదేమో అనుకుంటూ బతికాను.

నిన్న ఇక్కడ ర్యాలీ ముగిసింది. ఉమాశంకర్ 'తెరిపి' అన్న మొదటి మలుపులో నా కాలు కదల్లేదు. కదల్లేదని మలుపు దాటాక గాని తెలియలేదు. తప్పు నాది కాదన్న మాట అప్పటికి ఒంట్లోకి దిగింది. హెల్మెట్‌లోనే ఏడ్చేశాను. ఉమాశంకర్ బెదిరిపోయి, "ఏమైందప్పా, ఆపాల్నా?" అన్నాడు. "వద్దు, చదువు," అన్నాను. మూడో స్థానం వచ్చింది. జనార్ధనరావు గారు చేయి పట్టుకుని, "పోయి రాప్పా," అన్నారు.

వచ్చే సోమవారం కోయంబత్తూరు ప్రయాణం. ముందురోజు ఆదివారం పొద్దున్నే మీ ఇంటికి వస్తాను. కోపం పోయింది. తిట్టాల్సినవి మాత్రం రెండు మూడు మిగిలాయి. వదిన పెట్టిన అన్నం తిన్నాక తిడతాను.

ఎప్పటికీ నీ తమ్ముడు,
ఆనంద్