రింగు కింద నా చోటు

సోమవారం

మా బాస్కెట్‌బాల్ కోచ్ కరీం సార్ కొత్త రూలు. దూరం నుంచి షాట్ వేస్తే బెంచీ మీదే. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు పాస్... దగ్గరికెళ్లాకే షాట్. పడకపోతే ముగ్గురు రింగు కిందికి ఉరకాలి, తిరిగొచ్చే బంతి మనదే కావాలి. అందరికీ అంటూ నన్నే చూశాడు. దూరం నుంచి వేసేది నేనొక్కదాన్నేగా! ఇన్నాళ్లూ ఈ కాలేజీకి పాయింట్లు ఎవరు తెచ్చారట? ఒళ్లు మండిపోయింది.

మంగళవారం

రూలు ప్రకారమే ఆడాం. అంటే నేనివ్వాలి, నూరీ వేయాలి. పోయినేడాది బంతి పట్టుకోవడం నేర్పింది నేనే ఆ పిల్లకు. "షాబాష్ నూరీ!" అంటాడు సార్, గ్రౌండంతా వినబడేలా.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర బాపు ఎదురయ్యాడు. మళ్లీ అదే మాట. "యూనివర్సిటీ టీంల పేరొస్తె ఆడు. రాకపోతె ఈ ఏడాదితోని బంద్. దుకాణంల కూసో." మాది ఫొటో ఫ్రేముల దుకాణం. దేవుళ్లకూ, పోయినవాళ్లకూ అద్దాలు బిగిస్తూ కూర్చోవాలి నేను.

గురువారం

సికింద్రాబాద్‌లో ప్రాక్టీస్ మ్యాచ్. లోపలి కోర్టు, కొత్త రింగులు. సార్ ఇవాళ రూలు ఎత్తేశాడు. "నీ ఇష్టమొచ్చినట్టు ఏస్కో బేటా." వేశాను. ఒక్కటీ పడలేదు. రింగుకు తగిలిన ప్రతి బంతీ టంగుమని బయటికే. సిగ్గుతో చచ్చాను.

తిరుగు బస్సులో సార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మన రింగు ఎట్లుంటది చెప్పు? గల్లీ పోరగాళ్లు పోల్ ఎక్కి ఏండ్ల సంది ఊగుడే ఊగుడు. సడలి కిందికి వంగింది. బంతి తాకితె చాలు, లోపల పడ్తది. నువ్వేమో నీ చెయ్యి గొప్పదనుకున్నవ్."

"ముందే చెప్పొచ్చు గద సార్!"

"దగ్గరికి రా, దగ్గరికి రా అని రెండేండ్ల సంది మొత్తుకుంటనే ఉన్న. ఇన్నవా?"

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

శుక్రవారం

కాలేజీకి పోలేదు. కడుపునొప్పి అని అమ్మకు అబద్ధం.

శనివారం

పోయాను. రింగు కింద నిలబడటం నేర్పిస్తున్నాడు సార్. షాట్ పైకి లేవగానే బంతిని కాదు చూడాల్సింది... పక్కదాన్ని వీపుతో ఆపాలి, తర్వాతే ఎగరాలి. నూరీ పక్కటెముకల్లో నా మోచెయ్యి దిగింది. "ఏందే, నా మీద పగనా?" పగే. పైకి నవ్వాను.

మంగళవారం

కాలేజీల పోటీల్లో సెమీఫైనల్ గెలిచాం. దూరం నుంచి ఒక్క షాటూ వేయలేదు నేను. రింగు కింద లాక్కోవడం, నూరీకి అందివ్వడం, ఆమె వేయడం... మ్యాచంతా అదే. మోకాలు చెక్కుకుపోయింది. ఆట చూడ్డానికొచ్చిన యూనివర్సిటీ వాళ్లు నూరీని టీంలోకి తీసుకున్నారు. పాయింట్లు ఆమెవి కదా! నా పేరు కూడా అడగలేదు. ఇంకొక్క చోటు ఉందట. ఫైనల్ చూసి చెప్తారట.

"గెల్చినం గద బేటా. మస్తు ఆడినవ్." సార్ మాట.

మస్తు! ఆ మస్తును తీసుకెళ్లి బాపుకు చూపించనా?

బుధవారం

రేపే ఫైనల్. దుకాణంలో నాకోసం బాపు కుర్చీ తెప్పించాడని అమ్మ చెప్పింది.

రింగు కింద బంతి పట్టాక నేనే వేసేస్తే? దగ్గరే కదా, సార్ కూడా ఏమనలేడు. కానీ నన్ను ఆపడానికి అవతలివాళ్లు ఇద్దరు ఉంటారు. నూరీ ఖాళీగా ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, దొంగది.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది, బహదూర్‌పురా నుంచి. వాళ్లమ్మ సేమియా చేసిందట, రేపు నాకు డబ్బాలో తెస్తుందట. పెట్టేసే ముందు, "ఫికర్ జెయ్యకు స్రవంతీ, నీ పేరు గూడ వస్తది. రేపు గూడ బంతి నాకే ఇస్తవ్ గద?"

ఇస్తానన్నాను. అన్నానే గానీ...