వీధి గది ఆరీఫాది

అనంతపురం జిల్లా పామిడిలో కాపురముంటున్న, చనిపోయిన దూదేకుల ఇమామ్ సాబు భార్య అమీర్ బీ అనే నేను, డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో, ఎవరి బెదిరింపూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, తెలివి ఉండి, తెలిసి రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు పట్టుకుపోయినాయి. కంటి ఆపరేషన్ ఒక పక్కే అయింది. బుర్రకు మాత్రం ఏమీ కాలేదు. ఏదైనా అయ్యుంటే బాగుండేదని ఈ ఏడాది చాలాసార్లు అనుకున్నాను.

దస్తావేజు లేఖరి లక్ష్మన్న నా ప్రతి మాటకూ ముందొక "సదరు" తగిలించబోతే వద్దన్నాను. ఆస్తి సంగతులు ఆయన భాషలో, మిగతావి నా భాషలో రాయాలని ఒప్పందం చేసుకున్నాం. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది. ఇంకోటి రాయించే ఓపిక నాకు లేదు.

నాకు వారసులు ఇద్దరు. కొడుకు మస్తాన్ వలి, కూతురు షహనాజ్. మస్తాన్ వలి కూతురు ఆరీఫాకు ఇరవై ఏళ్లు, డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూ ఉండింది. షహనాజ్ కొడుకు సాహిల్‌కు పంతొమ్మిది. ఆరీఫాకు తల్లి లేదు, సాహిల్‌కు తండ్రి లేడు. ఇద్దరినీ ఒకే కంచంలో కలిపి పెట్టి పెంచినాను.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఎదురింటి ఎలిజబెత్‌కు అప్పగిస్తున్నాను. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మగవాడు ఉండగా బయటి మనిషికి ఎందుకు అని నా కొడుకు అడుగుతాడు. ఎందుకో కింద రాయించినాను, చదువుకోనీ.

1. షెడ్యూలు ఆస్తి: పామిడి పాత ఊళ్లో, తూర్పున రస్తా, పడమట కుమ్మర్ల దొడ్డి, ఉత్తరాన తిప్పేష్ అంగడి గోడ, దక్షిణాన సందు, ఈ చెక్కుబంది మధ్య వీధి గది, నడిమి గది, వంటిల్లు, వెనక దొడ్డి కలిగిన మిద్దె ఇల్లు. ఇది నా భర్త నాకివ్వాల్సిన పెళ్లి మెహర్ కింద నా పేర రిజిస్టరు చేయించిన ఇల్లు. దీని మీద ఏ తాకట్టూ, ఏ తగాదా లేదు. తగాదా ఉన్నది ఇంటిలోపల.

మా మతంలో వీలునామా రాసేవాళ్లకు మూడో వంతు వరకే చెయ్యి చాపే వీలుంది. మిగతాది వారసులకు వాళ్ల పాళ్ల ప్రకారం పోతుంది. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అందులో నేను వేలు పెట్టను. కొడుకు బతికి ఉన్నాడు కాబట్టి మనవరాలు నాకు వారసురాలు కాదు. వారసురాలు కాదు కాబట్టే ఆమెకు రాసే హక్కు నాకుంది. ఈ ఒక్క మెలిక కోసం లక్ష్మన్నను నాలుగుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాను.

2. పై ఇంట్లో వీధి గదిని, దాని రస్తా వైపు వాకిలితో సహా, నా మనవరాలు ఆరీఫాకు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. అందులో ఉన్న కరెంటు కుట్టు మిషను, ఇనుప అరలు, కటింగు బల్ల కూడా ఆమెవే. వీటన్నిటి విలువ మూడో వంతు దాటదని లక్ష్మన్న చూసి చెప్పినాడు. ఆమె ఆ గదిలో ఉండవచ్చు, అంగడి పెట్టవచ్చు, తాళం వేసుకుని ఊరికే కూర్చోవచ్చు. లోపలికి రావడానికి ఆమె ఎవరి అనుమతీ తీసుకోనక్కరలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కరలేదు.

ఎందుకు ఇస్తున్నానో కూడా రాయమన్నాను. రేపు ముసలిదానికి ఎవరో మందు పెట్టినారనే మాట పుట్టకూడదు.

మా ఇంట్లో నైటీలు కుడతాం. కుట్టిన సరుకు బళ్లారి, గుంతకల్లు అంగళ్లవాళ్లకు చూపించాలంటే ఫోన్లో ఫోటో పంపాలి. గుడ్డలు తొడిగే బొమ్మ కొనడానికి మస్తాన్ వలికి చెయ్యి రాలేదు. అందుకని ఆరీఫా తన బట్టల మీదనే కొత్త నైటీ తొడుక్కుని వీధి గది గోడకు నిలబడేది. సాహిల్ ఫోటో తీసి, మెడ పైన కత్తిరించి, స్టేటస్‌లో పెట్టేవాడు. మా సందులో నైటీలు కుట్టే ఇళ్లన్నిటిలోనూ ఇదే పద్ధతి. "మొగం కనపడకుంటే సాలు, పరువు యాడికీ పోదు" అనేది మస్తాన్ వలి మాట. అందరం అదే నమ్మినాం. తల తీసేసిన ఫోటోకు ఎవరి తలైనా తెచ్చి అతికించవచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు.

సాహిల్ ఇంటర్ తప్పినాడు. రెండేళ్లుగా వానల్లేక చేలల్లో కూలి పని కూడా లేదు. ఉన్న పనల్లా ఆ ఫోటోలు పెట్టడం, మిగతా పొద్దంతా ఫోన్లో గుంపులు. అట్లాంటి ఒక గుంపులో చేరాలంటే తమ ఊరి ఆడపిల్ల ఫోటో ఒకటి పెట్టాలట. అదీ వాళ్ల ప్రవేశ రుసుము. వీడు ఆ తల లేని ఫోటో ఒకటి తీసుకుని, పైన ఆరీఫా కాలేజీ ఫోటోలోని మొహం పెట్టి, ఏదో యాప్‌లో వేస్తే, ఒంటి మీద నూలుపోగు లేనట్టు తయారై వచ్చింది. ఒకే కంచంలో తిన్న అక్క అని చూసే యాప్‌లు లేవు. వాడు చూడాల్సింది, చూడలేదు.

ఫోటో వారం తిరక్కుండా పామిడికి వచ్చింది. పిల్ల ఒళ్లు అబద్ధం. వెనక ఉన్న గోడ నిజం. మా వీధి గది పిస్తా రంగు గోడ, మేకుకు వేలాడే టేపు ఊళ్లో అందరికీ తెలుసు. "గోడ వాళ్లదే కదప్పా, ఇంగ పిల్ల వాళ్లది కాకుండా ఎట్ల పోతాది" అన్నారు. బయటివాళ్లను అని ఏం లాభం. మస్తాన్ వలి కూడా గోడనే గుర్తుపట్టినాడు. ఇంటికొచ్చి, ఒక్క ప్రశ్న అడగకుండా, మిషను ముందు కూర్చున్న పిల్లను కొట్టినాడు. మస్తానూ, నువ్వు పరువు కాపాడాలని ఎవరి తల తీయించినావో ఆ తల మీదనే కొట్టినావు. నేను పెంచిన చేతులవి. వాటిని చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆరీఫాను ఎలిజబెత్ తన వెంట స్టేషనుకు తీసుకుపోయి ఫిర్యాదు ఇప్పించింది. అందుకే ఆమెకు ఈ బాధ్యత. పోలీసులు పిలిచి అడిగితే సాహిల్ అక్కడే ఏడ్చేసి ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని "అవ్వా, ఆడుండేటోళ్లంతా బయటి ఊర్లోళ్లనుకుంటి, ఎవురికీ తెలీదనుకుంటి" అన్నాడు. తెలియకపోతే తప్పు కాదని వాడికి ఎవరు నేర్పించినారో నేను అడగలేదు. మా ఇంట్లో అందరి మొహాలూ చూసినాక అడగాలనిపించలేదు.

తప్పు ఎవరిదో తేలినాక పిల్ల తలెత్తుకుంటుందనుకున్నాను. జరిగింది వేరు. ఇంటి పిల్లోడు, కేసయితే ఉద్యోగం రాదు, బతుకు పాడైపోతుంది అని కూతురూ కొడుకూ ఒకటైనారు. ఇంకా కేసు కట్టకుండా పోలీసులను బతిమాలి ఆపి, ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు రాజీ కాగితం రాయించినారు. ఆరీఫా సంతకం పెట్టనంటే బళ్లారిలో వాళ్ల పెద్దమ్మ ఇంటికి పంపించినారు. సంతకం పెడితేనే ఈ గడప తొక్కాలని షరతు. చదువు ఆగిపోయింది. పది నెలలుగా వాడు వీధి గదిలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఆ పిల్ల ఎవరి ఇంట్లోనో వెనక గదిలో ఉంది.

ఫోన్ల వల్లనే ఇదంతా అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఫోను ఆరీఫా దగ్గరా ఉంది. ఆడపిల్ల పరువు ఇంటిల్లిపాదిదీ, మగపిల్లవాడి తప్పు ఎవరిదీ కాదు అనే లెక్క ఫోన్లు రాకముందు నుంచీ ఉంది.

3. ఆ ఫిర్యాదు ఆరీఫాది. ఉంచుకుంటుందో వదులుకుంటుందో ఆమె ఇష్టం. ఉంచుకుంటే ఎలిజబెత్ ఆమెకు తోడు పోవాలి. సాహిల్ జైలుకు పోతే నా కడుపు కాలుతుంది. అది కాలేది నా కడుపు, ఆ పిల్ల సంతకంతో దాన్ని చల్లార్చుకునే హక్కు నాకు లేదు. షహనాజ్‌కూ లేదు.

4. షహనాజ్ వారసురాలు కాబట్టి వీలునామాలో ఆమెకు విడిగా ఏమీ రాయలేను. నా వెండి కాళ్ల కడియాలు పోయిన శుక్రవారం ఆమె చేతిలోనే పెట్టినాను. తీసుకుని కొంగున కట్టుకుంది. అమ్మా షహనాజ్, కొడుకును కాపాడుకోవాలనే తల్లిని నేను తప్పు పట్టను. నీ బిడ్డను కాపాడుకోవడానికి తల్లి లేని బిడ్డను అడ్డం పెట్టినావు. అదే నన్ను తినేస్తాండాది.

5. మిషను కత్తెర్లు, చేతిపని సూదుల డబ్బా నల్లమ్మకు. ఇరవై ఏళ్లు నా పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. ఆ ఫోటో మొదట నాకు చూపించింది కూడా ఆమే. మరునాడు వచ్చి, "చూసి తుడిచేసినా అక్కా" అంది. సందులో అందరూ అదే అన్నారు. చూడకుండా తుడిచినవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత నల్లమ్మ నా ఒడిలో తలపెట్టి ఏడ్చింది, అది కూడా రాయాలి.

6. ఎలిజబెత్ దగ్గర నా స్టీలు క్యారియరు ఉంది. ఎన్ని రంజాన్‌లు పోయినా వాపసు రాలేదు. ఇక అడిగే మనిషి ఉండదు కాబట్టి అది ఆమెకే రాసి ఇస్తున్నాను. ఆమె చేసే పులుసులో ఉప్పు ఎక్కువ. ఇన్నాళ్లూ చెప్పలేకపోయినాను.

7. సాహిల్‌కు ఏమీ రాయకూడదనుకున్నాను. వాడు కడుపులో ఉండగా ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన పేలికలతో నేను కుట్టిన బొంత నడిమి గది పెట్టెలో ఉంది. అది వాడికే. వాడిని ఎత్తుకుని తిరిగిన చేతులు కాబట్టి అంతకన్నా కఠినంగా ఉండటం నాకు చేతకాలేదు. వాడంటే నాకు ప్రేమ పోలేదు. వాడి మీద నమ్మకం పోయింది. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని తిరగడం ఈ వయసులో చాలా బరువు.

8. నా మట్టి సంగతి. నేను పోయిన వెంటనే ఎలిజబెత్ బళ్లారికి ఫోన్ చేయాలి. ఆరీఫా వచ్చేదాకా నన్ను ఎత్తవద్దు. రెండు మూడు గంటల దారి, మట్టికి అదేమీ ఆలస్యం కాదు. ఆమె దొడ్డి దారిన కాదు, రస్తా వైపు వాకిట్లోంచి రావాలి. నాకు ఆఖరి స్నానం చేయించే ఆడవాళ్లలో ఆమె ఉండాలి, మొదటి చెంబు నీళ్లు ఆమే పోయాలి. ఆమె తాకిన చెంబు మేం ముట్టుకోం అనే ఆడవాళ్లుంటే ఇంటికి పోవచ్చు, నీళ్లు పోయడానికి ఆమె ఒక్కతే చాలు, ఎలిజబెత్ బకెట్టు అందిస్తుంది.

స్నానమై కఫన్ గుడ్డ చుట్టినాక నన్ను వీధి గదిలో పడుకోబెట్టండి. మొహం మూసే ముందు చివరి చూపుకు వచ్చే ఆడవాళ్లు, నా కొడుకు, నా కూతురు, నా మనవడు, ఎవరైనా సరే, గడపలో ఆరీఫా నిలబడి ఉంటుంది. తల దించుకోకుండా ఆమె మొహంలోకి చూసి, సలాం చెప్పి, లోపలికి రండి. ఆమె మొహం చూడలేనివాళ్లకు నా మొహం చూపించవద్దు.

ఈ వీలునామాలోని సంగతులన్నీ చదివించుకుని విని, సరిగానే ఉన్నాయని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేసినాను.

పామిడి, 2025 సెప్టెంబరు 14, ఆదివారం.

(సం.) దూదేకుల అమీర్ బీ

సాక్షులు:
1. హనుమంతరాయుడు, రిటైర్డు బస్సు కండక్టరు, పామిడి
2. తిప్పేష్, దారాలు బొత్తాల అంగడి, పామిడి

రాసినవారు: లక్ష్మన్న, దస్తావేజు లేఖరి