మౌలమ్మ కొడుకు

కొమరోలు,
ఆదివారం.

ప్రియమైన తమ్ముడు దస్తగిరికి,

ప్రియమైన అని రాయకపోతే జాబు కాదంటారు గనక రాసినా. నా మనసులో ఆ మాట లేదు.

ఆరేళ్ల నుంచి కడుపులో పెట్టుకున్నా. ఇంక పట్టదు. మీ వదిన మౌలమ్మ మట్టిలోకి పోయిన నాడు, నా కొడుకు మీరావలి తల్లిని దించేదానికి గోరీలోకి దిగబోతే, నువ్వు రెక్క పట్టుకుని వెనక్కి లాగినావు. ఊరంతా చూస్తుండగా "నువ్వు దిగకూడదురా, ఆమెకు నువ్వు మహరం కాదు, పరాయి మగోడివి" అన్నావు. ఒక్కసారి ముఖం చూస్తానంటే అదీ కూడదన్నావు. మహరం అంటే ఏందో ఆ రోజు నాకు తెలియదు. తర్వాత తెలిసింది, నిఖా కూడని దగ్గరి మనుషులని. నెత్తిన పెట్టుకుని సాకిన తల్లికి వాడు పరాయోడా? వాణ్ణి కన్నది నువ్వే, మాకు ఇచ్చింది నువ్వే. నీకు చెయ్యి ఎట్ల వచ్చిందిరా?

నాకు కితాబు రాదు. పలకల గనిలో రాయి చీల్చి బతికినోణ్ణి. నువ్వు మతం నేర్చుకునేదానికి జమాతులకు పోయి వచ్చినోడివి. అందుకే ఆ రోజు నోరు మూసుకున్నా. ఆనాటి నుంచి వాడు యర్రగొండపాలెంలో పరుపుల దుకాణం విడిచి పండగకు వస్తాడు, సేమ్యా తింటాడు, నాతో నవ్వుతాడు. తల్లి గోరీ ఉన్న కబరస్తాన్ వైపు మాత్రం తల తిప్పడు.

ఏ కితాబులో ఉందో రాయి. ఫోను చెయ్యొద్దు. గట్టిగా అడిగితే సలాం చెప్పి పెట్టేస్తావు నువ్వు.

నీ అన్న,
నాగూరయ్య


మార్కాపురం,
గురువారం.

ప్రియమైన అన్నకు తమ్ముడి సలాం.

నీ కోపం నాకు కొత్త గాదు. "ముందు కోపం పుట్టింది, దాని వెనక నాగూరు పుట్టినాడు" అని మన నాయన అననే అన్నాడు. అడిగినావు గనక చెప్తా.

పైగంబరు గారికి పుట్టిన మగబిడ్డలు పసితనంలోనే పోయినారు. ఆయన జైద్ అనే పిల్లవాణ్ణి కొడుకని చెప్పి పెంచుకున్నారు. కన్నతండ్రి వెతుక్కుంటా వచ్చి పిలిచినా ఆ పిల్లవాడు పోనన్నాడు. ఊరు ఊరంతా అతన్ని ముహమ్మద్ కొడుకనే పిలిచింది. అంతటి ప్రేమ మీదే అల్లా కురానులో ఆయత్ దించినాడన్నా. మీరు పెంచుకున్నోళ్లు మీ కొడుకులు కారు, అది మీ నోటి మాట, వాళ్లను వాళ్ల తండ్రుల పేర్లతో పిలవండి అన్నాడు. ఇంకో చోట, ముహమ్మద్ మీ మగవాళ్లలో ఎవరికీ తండ్రి కాడు అన్నాడు. పైగంబరు గారికే కూడదన్న పెంపుడు కొడుకు కొమరోలు నాగూరయ్యకు ఎట్ల కుదురుతాడు?

నేను సొంతంగా చెప్పిన మాట ఒక్కటీ లేదు. వదిన మట్టి ఏ తప్పూ లేకుండా జరగాలనే చూసినా. ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్లకు నూనె రాయడం మానొద్దు.

నీ తమ్ముడు,
దస్తగిరి


కొమరోలు,
మంగళవారం.

ప్రియమైన తమ్ముడికి,

నా మోకాళ్ల సంగతి నీకెందుకు?

నీ జాబు నేనే కూడబలుక్కుని చదివినా. చదివి, మన మసీదులో బయాను చెప్పేదానికి వచ్చిన, పెద్ద మతచదువు చదివిన హజరత్ ముందర పెట్టినా. "మీ తమ్ముడు రాసినదాంట్లో అబద్ధం ఏమీ లేదు నాగూరయ్యా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేచి పోతుంటే, "కూర్చో. ఆ బిడ్డ ఎవరి పాలు తాగినాడు?" అని అడిగినాడు.

ఆ మాట నువ్వు అడిగినావా? మీరావలి పుట్టినప్పుడు నీ భార్య ఇమాంబీ విషజ్వరంతో కర్నూలు ఆసుపత్రిలో ఉంది. మా ఆడబిడ్డ పుట్టీపుట్టంగానే పోయి, మౌలమ్మ పాలు గడ్డకట్టి అల్లాడుతా ఉంది. మన అమ్మే నీ బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో వేసింది. పాలు మానేదాకా వాడు తాగింది ఆమె పాలే. ఇమాంబీ లేచి తిరిగేసరికి వాడు మౌలమ్మ కొంగు వదల్లేదు. "మీరే ఉంచుకోండి వదినా" అన్నది నువ్వు. పాలిచ్చిన తల్లి కన్నతల్లి మాదిరే మహరమని అదే కురానులో ఉందంట, నిసా సూరాలో. వాడు దిగొచ్చంట. ముఖం చూడొచ్చంట.

ఇంకోటి. నువ్వు రాసిన ఆ జైద్ ఆయత్‌ను సగంలో ఆపినావంట. పొరపాటున చేసినదానికి మీ మీద తప్పు లేదు, మనసులో పెట్టుకుని చేసినదానికే తప్పు, అని దాని చివర ఉందంట. నీది ఏది? పొరపాటా, మనసులో పెట్టుకున్నదా?

పొరపాటే అయితే, శుక్రవారం జుమ్మా నమాజు అయినాక మన మసీదులో లేచి నిలబడు. ఆ రోజు చూసినోళ్లందరి ముందర "వాడు మౌలమ్మ కొడుకే, నేను లాగింది తప్పు" అను. ఆ ఒక్క మాటకు నీ గడ్డం ఊడిపోదు.

అన్న,
నాగూరయ్య


మార్కాపురం,
శనివారం.

ప్రియమైన అన్నకు,

పాల సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. తట్టి ఉన్నా ఆగేవాణ్ణి కాదు. అడిగినావు గనక రాస్తున్నా.

వదిన కన్నా ఏడాది ముందు ఇమాంబీ పోలేదా? మన ఊర్లోనే, అదే కబరస్తాన్. వాడు వచ్చినాడు. నీ పక్కన చేతులు కట్టుకుని, చుట్టపుచూపుకు వచ్చినోడి మాదిరి నిలబడినాడు. "దిగరా, నీ తల్లిరా" అన్నా. "మీరే దించండి చిన్నాయనా" అన్నాడు. కంట్లో తడి లేదు. మూడు పిడికిళ్ల మట్టి వేసి పక్కకు జరిగినాడు. ఆమె బతికినన్నాళ్లూ చిన్నమ్మ అనే పిలిచినాడు. ఒక్కసారన్నా అమ్మ అంటాడేమోనని అది ప్రతి పండగకూ వాడికి గుడ్డలు కుట్టించింది. చిన్నమ్మ అనే మాట వాడికి నువ్వు నేర్పినావా? వదిన నేర్పిందా?

ఏడాది తిరిగేసరికి అదే మనిషి వదిన కోసం పొర్లి పొర్లి ఏడుస్తా గోరీలోకి దూకబోయినాడు. నా చెయ్యి ఆగలేదు.

జుమ్మాలో లేచి చెప్పమంటున్నావు. మౌలమ్మకు న్యాయం అడిగేదానికి నువ్వున్నావు. ఇమాంబీకి ఎవరున్నారన్నా?

తమ్ముడు,
దస్తగిరి


కొమరోలు,
బుధవారం.

ప్రియమైన తమ్ముడు దస్తగిరికి,

నీ జాబు అందిన పూటే యర్రగొండపాలెం బస్సెక్కినా. దుకాణంలో జనం ఉన్నారనైనా చూడకుండా అరిచినా. "ఏరా, కన్నతల్లి పోతే రాయి మాదిరి నిలబడినావే! నేను నిన్ను అట్ల పెంచినానా?" అన్నా.

వాడు మీద పడిన దూది దులుపుకున్నాడు. తర్వాత అన్నాడు: "నువ్వు నా పక్కనే నిలబడి ఉంటివి కదా నాయనా. ఇంటికాడ అమ్మ ఉంది. నేను గోరీలోకి దిగి ఏడిస్తే, ఎంత సాకినా రక్తం రక్తమేనని మీరిద్దరూ అనుకోరా? తిరుగు బస్సులో ముఖానికి తువ్వాలు కప్పుకుని మార్కాపురం దాకా ఏడ్చినా. పక్కనున్నాయన పంటినొప్పా అని అడిగినాడు."

విన్నావా? నేను పక్కన ఉండబట్టి వాడు ఇమాంబీకి ఏడవలేదు. నువ్వు పక్కన ఉండబట్టి మౌలమ్మ ముఖం చూడలేదు. నీ మీద కోపం నాకు తగ్గలేదు. ఇప్పుడు వాడి మీదా వచ్చింది, నా మీదా వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక వచ్చేటప్పుడు కండక్టరుతో కొట్లాట పెట్టుకున్నా.

ఇమాంబీకి ఎవరున్నారని అడిగినావు. ఈ శుక్రవారం కాక పై శుక్రవారం పొద్దున్నే వాణ్ణి తెస్తున్నా. ముందు ఆమె గోరీ దగ్గరికే పోతాడు. నువ్వు లోపల వాడి పక్కన ఉండు. నేను గేటు బయటే ఉంటా, వాడు నా ముఖం చూసుకుంటా ఏడ్పు మింగే పని లేకుండా. అమ్మ అంటాడో ఇంకేమంటాడో వాడి నోరు, వాడి ఇష్టం. ఎంతసేపయినా నేను లోపలికి రాను. తర్వాత వాడు మౌలమ్మ దగ్గరికి పోతాడు. అక్కడికి నువ్వు అడ్డం రావద్దు. ఆ తర్వాత జుమ్మా. నమాజు అయినాక నువ్వు లేవాల.

ఎవరి తల్లి గొప్పదని నేను అడగడం లేదు. నువ్వు లాగిన చెయ్యి ఊరంతా చూసింది, వదలడం కూడా ఊరంతా చూడాల. అదే నేను అడిగేది.

లేస్తావా, లేవవా? సూరాలు వద్దు, నీతులు వద్దు, ఒక్క మాట రాయి. వచ్చే మంగళవారం టపాలో నీ జాబు నా చేతికి రావాల. రాకపోతే మసీదులో నేనే లేస్తా. నేను మాట్లాడితే ఎట్ల ఉంటుందో నీకు తెలుసు. మంగళవారం. అంతే.

నీ అన్న,
దూదేకుల నాగూరయ్య