ఇతర విషయములు: గడియ

మార్చి 7, 1988, సోమవారం. సాయంత్రం 6.10

మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. పోలీస్ డిటెక్టివ్, పేరు ఒర్టేగా, ఆడమనిషి. ఫ్రీమాంట్ తెలుగు క్రైస్తవ సహవాసానికి కార్యదర్శి ఆమోసు నేనేనా అని అడిగింది. పదిహేనేళ్లుగా నేనే అన్నాను. ఎన్నికలు జరిగాయా అని అడగలేదు. ఆమె మర్యాదస్తురాలు.

సంగతి ఇది. మణి అనే అమ్మాయి మా సంఘంలో పెరిగింది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. తన పదేళ్ల వయసులో, అంటే 1975లో, సంఘంలో ఒక పెద్దమనిషి తనపట్ల చేయరాని పని చేశాడని కంప్లయింట్ ఇచ్చింది. తన పేరు నాకు చెప్పడానికి ఆమె ఒప్పుకున్నదట. ఆ పెద్దమనిషి పేరు డిటెక్టివ్ చెప్పలేదు. ఆనాటి సండే స్కూల్ టీచర్ల లిస్టూ కమిటీ మినిట్స్ పుస్తకమూ కావాలంది. ఇన్వెస్టిగేషన్ ముగిసేదాకా ఎవరికీ చెప్పవద్దనీ, చెబితే ఆ అమ్మాయికీ అన్యాయమే, ఆ మనిషికీ అన్యాయమేననీ హెచ్చరించింది.

నర్సాపురం తాలూకా ఆఫీసులో తొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేసి, లూసీ నర్సు వీసా వెంట సామానుతో పాటు అమెరికా వచ్చినవాణ్ణి. రహస్యం కాపాడటం నాకు కొత్త కాదని హామీ ఇచ్చాను.

లూసీకి మాత్రం చెప్పాను. భార్యాభర్తలు ఏకశరీరమని లేఖనం. కనుక ఎవరికీ చెప్పినట్లు కాదు.

మార్చి 8, మంగళవారం. రాత్రి 8.15

లూసీ కూడా ఎవరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రమే చెప్పిందట. ఆ సమయంలో ఆమె స్నేహితురాలు వసుమతి ఫోన్ లైన్‌లో ఉన్నది.

మా సంఘంలో ప్రార్థన గొలుసు అని ఒక ఏర్పాటు ఉంది. ఎవరికి కష్టం వచ్చినా ఒక ఇంటికి ఫోన్ చేస్తారు, ఆ ఇంటివారు ఇంకో రెండు ఇళ్లకు చేస్తారు, అలా నలభై రెండు ఇళ్లూ ప్రార్థనలో ఏకీభవిస్తాయి. 1981లో దీన్ని చార్టుతో సహా రూపొందించింది నేనే. కష్టం అందరికీ చేరడానికి గంటన్నర పడుతుందని నా అంచనా. ఈ రోజు నలభై నిమిషాల్లో చేరింది.

చార్టులో చివరి ఇల్లు మాది. అందుకని చివరి ఫోన్ నాకే వచ్చింది. వందనాలు బ్రదర్, మన పెద్దల్లో ఒకాయన్ని పోలీసులు పట్టుకెళ్లారట, మణి కంప్లయింట్ ఇచ్చిందట, పాపం ఆ పిల్లకి తల్లి పోయిన దగ్గర్నుంచీ మనసు స్థిమితంగా లేదట, ప్రార్థించండి, కానీ ఎవరికీ చెప్పకండేం అని ఎవరో సోదరి నాకు తెలియజేసింది.

ప్రార్థిస్తానన్నాను.

మార్చి 9, బుధవారం

పెద్దల అత్యవసర సమావేశం, పాస్టర్ గారి ఇంట్లో. పెద్దలం ఏడుగురం. అందరూ హాజరు. పకోడీలు.

పోలీసు విచారణ గురించి సంఘానికి ఏం చెప్పాలన్నది చర్చ. ఏమీ చెప్పకూడదని ఏకగ్రీవంగా నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని ఆదివారం బులెటిన్‌లో అచ్చు వేయమన్నారు. నేను రాసిన తీర్మానం: సంఘ పెద్దలలో ఒకరిపై విచారణ జరుగుచున్నదను వార్తను సంఘము ఖండించుటయు లేదు, ధ్రువీకరించుటయు లేదు. అట్టి పెద్ద పేరు ఎవరికిని తెలియదు. తెలిసినవారు చెప్పరాదు.

తీర్మానం సమతూకంగా ఉందని పాస్టర్ గారు మెచ్చుకున్నారు.

మార్చి 13, ఆదివారం. సాయంత్రం 5.30

సమతూకం ఫలించలేదు. నిన్నటిదాకా పెద్దల్లో ఒకాయన అనేది పుకారు. ఈ రోజునుంచి అది అచ్చయిన సంగతి.

ఆరాధన కాగానే శ్యామ్‌సుందర్ నన్ను కాఫీ బల్ల దగ్గర పట్టుకున్నాడు. ఆయన ఏడుగురు పెద్దల్లో ఒకడు, ఇన్సూరెన్స్ ఏజెంటు. బ్రదర్, నా దగ్గర పాలసీ తీసుకున్నవాళ్లు ఇవాళ నా మొహం చూడలేదు, నా బూట్లు చూశారు, నేను 1979లో గదా ఈ దేశం వచ్చింది, 1975లో గుంటూరులో ఉన్నవాణ్ణి ఇక్కడ ఏం చేయగలను, నేను కాదని ఒక్క ముక్క రాసివ్వండి అన్నాడు. లెటర్‌హెడ్ మీద కావాలన్నాడు.

వాదన సబబే. టైప్ చేసి ఇచ్చాను: సంబంధిత వారికి తెలియజేయునది ఏమనగా, శ్రీ శ్యామ్‌సుందర్ గారు, మాకు తెలిసినంత మేరకు, కాదు.

మార్చి 15, మంగళవారం

ఇప్పటికి ఐదు సర్టిఫికెట్లు. ఒకాయన లామినేట్ చేయించుకున్నాడు.

మార్చి 16, బుధవారం. సాయంత్రం 7 గం.

పెద్దల్లో ఇంకొకాయన, సుందర్ రాజ్ వచ్చాడు. 1975లో మా సంఘం పదకొండు కుటుంబాలు. పిల్లలకు పాటలూ హార్మోనియమూ నేర్పింది ఆయనే. ఇప్పటికీ క్వాయర్ ఆయనదే. సోఫాలో కూర్చుని, అందరికీ ఇస్తున్నారట కదన్నా, నాక్కూడా ఒకటి కొట్టివ్వు అన్నాడు.

టైప్‌రైటర్ రిబ్బన్ అయిపోయిందన్నాను. రిబ్బన్ ఆదివారం మార్చాను. అది ఆయన కళ్లెదుటే నల్లగా నిగనిగలాడుతున్నది.

ఆయన వెళ్లాక లూసీ వంటింట్లోంచి ఒకే మాట అంది. ఐదుగురికిచ్చి ఆరో ఆయనకివ్వకపోతే, పేపర్లో వేయించినట్టే కదండీ.

సమతూకం గురించి ఇంత క్లుప్తంగా నేను ఎన్నడూ రాయలేదు.

మార్చి 17, గురువారం

న్యాయం దృష్ట్యా ఐదు సర్టిఫికెట్లనూ రద్దు చేస్తూ సర్క్యులర్ పంపాను. లామినేట్ చేసిన దాన్ని రద్దు చేసే విధానం ఏదీ లేదు.

మార్చి 19, శనివారం

ఏడుగురిలో ఐదుగురు కాదని నేనే రాసిచ్చాను. మిగిలింది సుందర్ రాజ్, నేను. అందరి సర్టిఫికెట్లనూ హఠాత్తుగా రద్దు చేసినవాణ్ణి నేను. ఈ లెక్క నలభై రెండు ఇళ్లవారికీ వచ్చు.

వసుమతి మా పెరుగు గిన్నె తిరిగి పంపింది. ఖాళీగా.

పద్నాలుగేళ్లుగా రెండు ఇళ్ల మధ్య ఆ గిన్నె ఒక్కసారైనా ఖాళీగా నడవలేదు. గోంగూర లేకపోతే గుప్పెడు పంచదారైనా ఉండేది. లూసీ గిన్నెను చాలాసేపు చూసి, తలుపేసుకుని ఏడ్చింది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మార్చి 22, మంగళవారం. మధ్యాహ్నం 12.40

డిటెక్టివ్ ఒర్టేగా మళ్లీ ఫోన్ చేసింది. గొంతు మారింది. మీ చర్చి నుంచి ఐదుగురు మగవాళ్లు నాకు ఫోన్ చేసి తాము కాదన్నారు, వాళ్లను నేనడగలేదే అంది. ఇప్పుడు ఎవరిని ఏమడిగినా, వాళ్లకు గుర్తున్నదేదో ఫోన్‌లో విన్నదేదో తేల్చలేననీ, ఆ మనిషి లాయరు కోర్టులో అదే అంటాడనీ, అనడం సబబేననీ చెప్పింది. నేరం ఏమీ తేలకపోతే ఆ మనిషి తన పేరును ఏ ఆఫీసులో వెనక్కి తెచ్చుకోవాలని అడిగింది. తేలవలసిన నేరమే తేలకుండా పోతే ఆ అమ్మాయి ఏ ఆఫీసుకి వెళ్లాలని కూడా అడిగింది. చార్టు నేనే గీశానని చెప్పలేదు.

ఇక ఈ గొడవకు ముందు, ఆ కాలంలోనే రాసిన కాగితం ఏదైనా ఉంటే తప్ప కేసు నిలవదట. మినిట్స్ పుస్తకం ఏమైందని అడిగింది.

మార్చి 23, బుధవారం

పెద్దల సమావేశం. పకోడీలు లేవు.

పుస్తకం అడుగుతున్నారని చెప్పాను. 1975 పుస్తకం గ్యారేజీలో ఉంటుందేమో కదా బ్రదర్ అన్నారు పాస్టర్ గారు. అవునన్నాను. గ్యారేజీలో తేమ ఎక్కువ కదా అన్నారు. ప్లాస్టిక్‌లో చుట్టానన్నాను. ఎలుకలు కూడా అని శ్యామ్‌సుందర్ అందుకున్నాడు. రెండు కార్బన్ కాపీలు విడిగా ఇనప్పెట్టెలో ఉన్నాయన్నాను.

సుందర్ రాజ్ నేలకేసి చూస్తున్నాడు. నా జాగ్రత్తను ఇంతమంది ఒకేసారి అసహ్యించుకోవడం ఇదే మొదలు.

మార్చి 26, శనివారం. ఉదయం 11 గం.

మణి వచ్చింది. సాన్ హోసే నుంచి డ్రైవ్ చేసుకుని ఒక్కతే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పాలా వద్దా అని ఆగి, విప్పింది.

అంకుల్, నేను ఫైట్ చేయడానికి రాలేదు అంది. ఆంటీలు అందరూ నాకోసం ప్రే చేస్తున్నారంట, నా పేరు నలభై ఇళ్లల్లో ఉంది, ఆయన పేరు ఎక్కడా లేదు, దట్స్ ఓకే, డిటెక్టివ్ కూడా ఇప్పుడే చెప్పకూడదు అంది, కానీ మీరు ఐదుగురికి లెటర్ ఇచ్చారంట కదా, నేను మెంటల్ కాదని నాకు లెటర్ ఇస్తారా అంది.

అన్ని తీర్మానాల్లోనూ పెద్దల పేర్లు కాపాడాను. ఈ పేరు కూడా ఒక పేరేనని ఏ సమావేశంలోనూ ఎవరూ ప్రస్తావించలేదు. కార్యదర్శి కూడా.

లూసీ కాఫీ తెచ్చింది. మణి తాగలేదు. మమ్మీ మీ మీటింగ్‌లో నిలబడి చెప్పింది అంకుల్, నేను బయట కారిడార్‌లో కూర్చున్నా, మమ్మీ గ్రీన్ సారీ కట్టుకుంది, కార్‌లో నాతో చెప్పింది, ఆమోసు అంకుల్ అంతా రాసుకున్నారు, ఆయన రాస్తే అది ఎప్పటికీ ఉంటుంది అని. ఉందా?

ఉంది అన్నాను. ఏమని ఉందో చెప్పలేదు.

వెళ్లేటప్పుడు లూసీ పెరుగు గిన్నె నిండా పులిహోర పెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది.

అదే రోజు. మధ్యాహ్నం 3 గం.

పుస్తకం తీశాను. ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు.

అక్టోబర్ 12, 1975. ఏడవ అంశము. ఇతర విషయములు: శ్రీమతి శాంతమ్మ గారు హార్మోనియం గది తలుపు గడియ విషయమై ప్రస్తావించిరి. గడియ తొలగించుటకు తీర్మానించడమైనది. ఖర్చు లేదు. స్క్రూడ్రైవర్: కార్యదర్శిది. విషయము ముగిసినది.

శాంతమ్మ ఆ రోజు పది నిమిషాలు మాట్లాడింది. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని మాట్లాడింది. నా పిల్ల ఆ గదిలోకి ఇంక పోదు, ఎందుకు పోదో నా నోట చెప్పించకండి, ఆ తలుపు సంగతి చూడండి అంది. మేము తలుపు సంగతి చూశాము. ఆరవ అంశం క్రిస్మస్ కేకులు. దానికి ఒకటిన్నర పేజీ రాశాను.

తాలూకా ఆఫీసులో దీన్ని సంక్షిప్తత అంటారు. అందులో నాకు మెప్పు కూడా వచ్చింది.

మార్చి 27, మట్టల ఆదివారం

పాస్టర్ గారికి పేజీ చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. ముఖం వికసించింది. దీంట్లో ఏముంది బ్రదర్, తలుపు రిపేరే కదా, నిక్షేపంలా ఇచ్చేయండి అన్నారు. పెద్దలందరూ చదివి తేలికపడ్డారు. శ్యామ్‌సుందర్ నా చేయి పట్టుకుని ఊపాడు. ఏం రాశారు బ్రదర్, వీసమెత్తు ఎక్కువా లేదు తక్కువా లేదు అన్నాడు.

నా భాషను సంఘం మెచ్చుకోవడం చూశాను. దానికోసం పదిహేనేళ్లు ఎదురుచూశాను.

మార్చి 28, సోమవారం. ఉదయం 6.45

సుందర్ రాజ్ ఫోన్. అన్నా, నన్ను అడగాల్సింది పోలీసులు, అడగనీ, వసుమతెవరు నన్ను అడగడానికి, మా ఆవిడ రెండు వారాలుగా కొట్టుకి కూడా పోవడం లేదు అన్నాడు. ఆ మాట నిజం. అది జరగకుండా ఉండవలసింది. క్షమాపణ చెప్పాను.

తర్వాత, నేనొక స్టేట్‌మెంట్ ఇవ్వబోతున్నానని చెప్పాను. విన్నది రాయను, చూసిందే రాస్తాను, ఆ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు, తలుపు గురించి తెలుసు అన్నాను.

సుందర్ రాజ్ ఫోన్ పెట్టేశాడు. ఏ తలుపని అడగలేదు.

అది సాక్ష్యం కాదు. కనుక ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయను.

మార్చి 29, మంగళవారం. సాయంత్రం 4 గం.

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి పుస్తకం అప్పగించాను. రసీదు తీసుకున్నాను. ఏడవ అంశాన్ని ఒర్టేగాకు ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆమె పెన్ను కింద పెట్టి, ఇదొక రిపేరు కదా అంది. పాస్టర్ గారు కూడా అదే అన్నారన్నాను.

కోర్టుకి అనువాదం కావాలట, నాతో సంబంధం లేని మనిషి చేయాలట. చేయించండి, కానీ ఆ వాక్యానికి అనువాదం చాలదు, రాసినవాడే వచ్చి చెప్పాలి అన్నాను. రేపు పది గంటలకు రమ్మంది.

ఇంటికొచ్చి గోడమీది ప్రార్థన గొలుసు చార్టు తీసేశాను. వెనక గోడ తెల్లగా ఉంది. లూసీ ఆ చోట దుమ్ము తుడిచింది.

మార్చి 30, బుధవారం

ఒర్టేగాకు ఇచ్చిన స్టేట్‌మెంట్ ఇది: గడియ విప్పింది నేనే. అది చర్చి భవనంతో వచ్చింది కాదు, ఎవరో తెచ్చి బిగించింది. నాలుగు స్క్రూలు, కొత్తవి. లోపలి వైపున.