వైరు కాడ పసుపు

సిస్టరమ్మా, నమస్తే. గుండెకు పంపు పెట్టిన తాండూరు రాఘవేంద్ర భార్యను. ఫైలుతోని ఈ చిట్టి మీ చేతిల పెడుతున్న. జర పక్కకు పోయి చదువుండ్రి.

ఆయన జ్వరం లేదనే చెప్తడు, నమ్మకుండ్రి. రైలెక్కే ముందు జ్వరం గోలి మింగిండు.

మొన్న నేను ధారూర్‌ల మా అమ్మను చూడ పోయిన. కడుపుల నుంచి పంపు వైరు బయటికొచ్చే కాడ ఎర్రగైందని మా అత్తమ్మ కట్టు విప్పి పసుపు అద్దింది. దెబ్బ ఏది తగిలినా మా ఇండ్లల్ల పసుపే పెడ్తం. పాపం, ప్రేమతోనే పెట్టింది. ఇప్పుడు ఆడ చీము కారుతున్నది.

వాళ్లమ్మ మీదికి మాట వస్తదని, ఎవరికీ నోటితోని చెప్పనని ఆయన తన తల మీద నాతోని ఒట్టేయించుకున్నడు. అందుకే రాస్తున్న. అత్తమ్మ కూడ మాతోనే వచ్చింది. ఆమె ముంగట పసుపు మాట ఎత్తకుండ్రి.

పంపు పెట్టినకాన్నుంచి ఆయన చేతిల నాడి దొరకది. అందుకే రోజూ ఛాతి మీద చెవి పెట్టి, పంపు గుయ్యిమనే చప్పుడు విన్నంకనే నాకు నిద్ర పడ్తది. నిన్న కూడ విన్న. చప్పుడు మంచిగనే ఉన్నది, నా చెవే కాలింది.